ట్యూలిప్స్ చూడబోయి గంజి తాగిన రోజు

మా చిన్నప్పుడు... శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి స్కార్‌బరోలో మా బిల్డింగు లిఫ్టు ముందు రెండు కుటుంబాలు నిలబడి ఉండేవి. మేమూ, పై అంతస్తులో ఉండే ప్రసాద్ అంకుల్ వాళ్లూ. నేనూ, వాళ్లమ్మాయి శిరీషా ఒకే క్లాసు. ఆ రోజు ఇళ్లల్లో పొయ్యి వెలిగేది కాదు. అందరం కలిసి బస్సెక్కి తమిళవాళ్ల టిఫిన్ కొట్టుకి వెళ్లాల్సిందే...

ఆ కొట్టులో పెనం మీద రొట్టెలు టకటకా తరిగే చప్పుడు వీధి మలుపు దాకా వినిపించేది. శిరీషా, నేనూ ఒకే ప్లేటులో తినేవాళ్లం. దోశ మధ్యలోని కూర ఎవరికి ఎక్కువ వెళ్లిందని దెబ్బలాడుకునేవాళ్లం. ప్రసాద్ అంకుల్ తనకొచ్చిన నాలుగు తమిళం ముక్కలతో చట్నీ అడిగితే, వాళ్లు నవ్వుకుంటూ సాంబారు తెచ్చేవారు. అయినా ఆయన మానలేదు...

ఒక శనివారం, దోశ ఇంకా బల్ల మీదకి రాకముందే విజయ ఆంటీ, అంటే శిరీష వాళ్లమ్మ, ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది. మా అమ్మ వెనకే పరిగెత్తింది. ఇద్దరూ తిరిగొచ్చాక పెద్దవాళ్ల మొహాల్లో నవ్వులు... మా ఇద్దరికీ ఏమీ అర్థం కాలేదు. శిరీషకి తమ్ముడో చెల్లెలో రాబోతున్నారని ఇంటికెళ్లాక అమ్మ చెప్పింది.

కానీ ఆ నవ్వులు ఎక్కువ రోజులు నిలవలేదు. ఆంటీకి వేవిళ్లు పట్టుకున్నాయి. తాలింపు వాసన పడదు, కాఫీ వాసన పడదు... నోటికి ఏదీ హితవుగా లేదు. చారన్నం కలుపుకుంటే ముద్ద లోపలికి పోయేది కాదు. మనిషి చిక్కిపోయింది. ఇలాగే ఉంటే హాస్పిటల్లో చేర్చి సెలైన్ పెట్టాల్సి వస్తుందని డాక్టర్ చెప్పారట. ఆ మాట విన్నప్పటి నుంచి శిరీష బడిలో లంచ్ డబ్బా తెరిచేది కాదు. అమ్మ తినట్లేదు కాబట్టి తనూ తినదట...

కాస్త గాలి మారితే బాగుంటుందని నాన్న ఒక వ్యాన్ అద్దెకి తీసుకున్నారు. ఒట్టావాలో ట్యూలిప్స్ పూసే రోజులు. అందరం బయలుదేరాం. సగం దారిలో ఆంటీ వ్యాన్ ఆపమంది. అది ఏ ఊరో కూడా మాకు తెలియదు. ఒకటే వీధి... ఆ వీధిలో ఒక పెట్రోల్ బంకు, ఒక చర్చి, ఎర్ర తలుపున్న ఒక చైనీస్ రెస్టారెంట్.

పిల్లలకి ఆకలేస్తోందని మేం లోపలికి వెళ్లాం. వేపుడు వాసనకి తట్టుకోలేక ఆంటీ బయట బెంచీ మీదే కూర్చుంది. కౌంటర్ వెనకున్న ముసలావిడ కిటికీలోంచి ఆమెని కాసేపు చూసింది. తర్వాత బయటికెళ్లి ఆంటీ పక్కన కూర్చుని, తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అవునా అన్నట్టు తలాడించింది. ఆంటీ కూడా తలాడించింది. ఇద్దరి మధ్యా భాష లేదు...

ముసలావిడ లోపలికొచ్చి కొడుకుతో ఏదో చెప్పింది. వాళ్లింటి కోసం వండుకున్నది ఒకటుంది, మెనూలో ఉండదు, వాళ్లమ్మ పెడతానంటోంది, పర్లేదా అని అతను ప్రసాద్ అంకుల్‌ని అడిగాడు.

ఆవిడ తెచ్చింది అన్నం బాగా ఉడికించిన పలచటి జావ. పైన సన్నగా తరిగిన అల్లం. ఆంటీ గిన్నెని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మేమంతా గుమ్మంలో నిలబడిపోయాం. ఒక చెంచా... ఆగింది. ఇంకో చెంచా...

"వదినా, ఉప్పు గంజిలా ఉంది. మీ నిమ్మకాయ ఊరగాయ ఏమైనా తెచ్చారా?" అంది ఆంటీ మా అమ్మతో.

అమ్మ చేసంచీలో ఊరగాయ సీసా లేకుండా ఊరు దాటేది కాదు. ఆంటీ బెంచీ మీద కూర్చునే గిన్నె ఖాళీ చేసింది. మళ్లీ పోయించుకుంది. "మమ్మీ ఈజ్ ఈటింగ్" అని శిరీష నా చెవిలో అంది. తర్వాత లోపలికొచ్చి, నా ప్లేటులో నూడుల్స్ కూడా తనే తినేసింది. నేను ప్లేటు తన వైపే జరిపాను...

ఆ ముసలావిడ ఊరగాయ ముక్క నోట్లో వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సీసా మాత్రం తిరిగివ్వలేదు. అంకుల్ మా ఫార్చ్యూన్ కుకీల్లోని జోస్యం చీటీలను ఒక్కొక్కటే తెలుగులోకి మార్చి చదివారు. నాకు త్వరలో దోశ ప్రాప్తి అని వచ్చిందన్నారు. ఎన్ని వారాల తర్వాతో ఆయన మళ్లీ అలా నవ్వించారు.

ట్యూలిప్స్ ఎలా ఉన్నాయంటే నాకు సరిగా గుర్తు లేదు. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడే ఆగాం. గిన్నె సిద్ధంగా ఉంది... ఆ జావ ఎలా కాచాలో అమ్మ నేర్చుకుంది. ఆంటీకి హాస్పిటల్ అవసరం రాలేదు.

మరుసటి ఏడు ట్యూలిప్స్‌కి తరుణ్ కూడా వచ్చాడు, శిరీష తమ్ముడు. ముసలావిడ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, చల్లారిన జావని వేలితో తీసి నాలుకకి రాసింది. వాడు చప్పరించాడు. పై వారం గుడిలో అన్నప్రాశన పెట్టుకున్నారు మరి... అమ్మ కంగారుగా ఆంటీ వైపు చూసింది.

"అన్నప్రాశన అయిపోయింది కదా వదినా. ఆవిడకంటే తగినవాళ్లు ఎవరున్నారు దానికి?" అంది ఆంటీ.

ఇప్పుడు మార్కమ్‌లో మా ఆఫీసు చుట్టూ మన హోటళ్లే. శిరీషా, నేనూ నెలకోసారైనా కలుస్తాం. కానీ కలిసే ముందు అరగంట ఫోన్లో స్టార్లు చూసుకుంటాం, రివ్యూలు చదువుకుంటాం, టేబుల్ బుక్ చేసుకుంటాం... తిండి ఎప్పుడూ బాగానే ఉంటుంది. వండినవాళ్ల మొహం మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

పేరు తెలియని ఊళ్లో, బండి ఆగిన చోట, మీ స్నేహితులతో తిన్న భోజనం ఏదైనా గుర్తుందా? వడ్డించిన చేతులు గుర్తున్నాయా? కింద రాయండి... ఆదివారం తీరిగ్గా కూర్చుని అన్నీ చదువుకుంటాను.