గుప్పిట మేస్త్రి అంచు చిత్రిక

వీధిలో అందరూ ఆయన్ని గుప్పిట మేస్త్రి అంటారు. ముఖం మీద కాదు, వెనకాల. ద్వారబంధాలు చేయడంలో చేయి తిరిగినవాడు, కానీ తన విద్యలో ఒక్క ముక్క బయటికి పొక్కనివ్వడు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పడు సరికదా, వాడెందుకు అడిగాడో తేల్చుకునేదాకా అన్నం సయించదు.

ఆయన చిత్రికలన్నీ ఆయన చేసుకున్నవే. బజార్లో ఇనప చిత్రికలు వరసగా పేర్చి అమ్ముతుంటే అటువైపు కన్నెత్తి కూడా చూడడు. చేవదేరిన చెక్క దిమ్మ తెచ్చి, ఏళ్ళ తరబడి అటక మీద ఆరబెట్టి, మధ్యలో నోరు తొలిచి, బ్లేడు దించి, చెక్క చీలతో బిగిస్తే గానీ అది చేతికి నప్పదంటాడు. అన్నిట్లోకీ ఆయన ప్రాణం అంచు చిత్రిక. మామూలు చిత్రిక చెక్కని నున్నగా చేస్తుంది. ఇది ద్వారబంధం పొడుగునా ఒక అందం తీస్తుంది: ముందు ఉబ్బు, దాని పక్కన గాడి, గాడికి అవతల సన్నటి మెట్టు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఆ అంచు లేదు. దానికోసమే జనం ఆయన విసుర్లు భరిస్తారు.

అనుమానం ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు. కుర్రతనంలో చేసుకున్న మొదటి అంచు చిత్రికని పక్క బల్ల మీద పనిచేసే స్నేహితుడు “ఒక్క పూట ఇవ్వరా” అని తీసుకెళ్ళాడు. బుద్ధిగా తిరిగి ఇచ్చాడు కూడా. కొన్నాళ్ళకి అచ్చం అదే అంచుతో సొంత దుకాణం తెరిచి, ఈయన దగ్గరికి వచ్చేవాళ్ళందర్నీ ఎగరేసుకుపోయాడు. ఆ దెబ్బతో పాత అంచు వదిలేసి ఈ కొత్తది చేసుకున్నాడు. దీన్ని కంటికి రెప్పలా కాస్తున్నాడు. అంచు తీసిన చెక్క ముక్క చిన్నది దొరికినా చాలు, తెలివైనవాడు దాన్ని చూసి చిత్రిక చేసేసుకోగలడు. అందుకని సాయంత్రం తను పనిచేసే షెడ్డు ఊడ్చి మిగిలిన ముక్కలన్నీ తనే పొయ్యిలో పడేస్తాడు.

“మీ నీడ మీ వెనక వస్తున్నా ఎందుకొచ్చావని నిలదీసేలా ఉన్నారు” అంటుంది భార్య.

కొడుకు బస్సు నడుపుతాడు, వాడికి చెక్కా చిత్రికా పట్టవు. వాడు ఇష్టపడి చేసుకున్న పిల్ల, ఊరి అవతలి చివర కుర్చీలు చేసే ఆయన కూతురు. “ప్రపంచంలో వడ్రంగి కూతురే దొరికిందిట్రా నీకు?” అని మేస్త్రి తల పట్టుకున్నాడు. పెళ్ళి ఆపలేకపోయాడు గానీ వియ్యంకుడి గడప మాత్రం తొక్కలేదు. తను వెళితే ఆయనా వస్తాడు, వస్తే షెడ్డులోకి తొంగి చూస్తాడు.

కోడలు మంచిపిల్ల. ఆయన అనుమానం కూడా అదే. మంచినీళ్ళు తెచ్చిన మనిషి గ్లాసు పెట్టేసి వెళ్ళిపోవాలి కదా, నిలబడి చూసేది. ఓ రోజు “ఈ బ్లేడు ఇంత నిటారుగా నిలబెట్టారేం మావయ్యా?” అని అడిగేసింది. మేస్త్రి చిత్రిక మీద తువ్వాలు కప్పేశాడు.

“పాలు పొంగుతున్నట్టున్నాయి, చూసుకో” అన్నాడు. పొయ్యి మీద పాలు లేవని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ముక్కలు తగ్గడం మొదలైంది. ముందు తన కళ్ళదే పొరపాటనుకున్నాడు. తర్వాత ఒక ముక్క అడుగున పెన్సిల్‌తో గీత గీసి, కావాలనే బల్ల కింద వదిలేసి భోజనానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మాయం.

“నీ కోడలు వాళ్ళ నాన్నకి నా అంచు మోస్తోంది” అన్నాడు భార్యతో.

“చాల్లెండి. ఏ ఎలకో ఈడ్చుకుపోయుంటుంది.”

“ఎలక కుర్చీలు చేయదు.”

ఆదివారం కోడలు చేతిసంచి భుజాన వేసుకుని పుట్టింటికి బయల్దేరింది. సంచిలో ఏదో పొడుగ్గా పొడుచుకొచ్చి కనబడింది. మేస్త్రి చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగి, వీధిలో వేసుకున్నాడు. ఆ పిల్ల ఆగినప్పుడల్లా ఏదో ఒక దుకాణం ముందు ఆగాడు. ఓ పండ్ల బండి చాటున నక్కితే బండివాడు “ఏం కావాలి పెద్దాయనా?” అన్నాడు.

“నీకెందుకు?” అని కసిరి, ముందుకి నడిచాడు.

వియ్యంకుడి ఇంటి తలుపు తీసే ఉంది. ముందుగదిలో సగం పనిబల్లే ఆక్రమించింది. కోడలు ఆ బల్ల దగ్గర నిలబడి ఉంది, చేతిలో పెన్సిల్ గీతున్న ముక్క. వియ్యంకుడు కిటికీ పక్కన కూర్చుని ఓ కుర్చీ కాలుకి గరుకు కాగితం రుద్దుతున్నాడు. మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇందుకేనా బావగారూ, మా ఇంటికి పిల్లనిచ్చింది? కావాలంటే నన్నే అడగొచ్చుగా. ఇవ్వనని చెప్పే ధైర్యం నాకుందిగా.”

వియ్యంకుడు లేచి నిలబడ్డాడు. ముఖం పాలిపోయింది. కోడలే ముందుకొచ్చింది.

“నాన్ననేమీ అనకండి మావయ్యా. ముక్కలు తీసింది నేను. ఇది చేసింది కూడా నేనే.”

బల్ల మీది గుడ్డ తీసింది. కింద అంచు చిత్రిక ఉంది. దిమ్మ ఇంకా కొత్త చెక్క రంగులోనే ఉంది, బ్లేడు ఏదో పాత ఆకురాయిని అరగదీసి చేసింది.

“నీకు ఉలి పట్టడం ఎవరు నేర్పారు?”

“నాన్నే. కానీ దీన్ని మాత్రం ఆయన ముట్టుకోలేదు. అది మీ మావయ్య సొత్తు, ఆయన్నే అడుగు అన్నారు.”

“మరి నన్నడగలేదేం?”

“అడిగాను. పాలు పొంగుతున్నాయన్నారు.”

మేస్త్రి మాట మార్చాడు. “సరే, ముక్క ఇంటికొచ్చాక ఏ వడ్రంగి చేతులు ముడుచుకుని కూర్చుంటాడు? ఇవాళ కాకపోతే రేపు...”

“ముక్క దాకా ఎందుకు మావయ్యా? మీరు ఏ గుమ్మంలో నిలబడ్డారో చూడండి.”

చూశాడు. ఆకుపచ్చ రంగు. దాని కింద ఉబ్బు, గాడి, మెట్టు. రంగు మీద రంగు పడి గాడి సగం పూడిపోయింది, మెట్టు మొద్దుబారింది. అయినా తన చేతిపని తనకి తెలియకుండా ఉంటుందా? ఎప్పుడో ఓ కాంట్రాక్టరు బండెడు ద్వారబంధాలు చేయించుకుపోయాడు. ఎక్కడ బిగించాడో ఈయన పట్టించుకోలేదు.

“చిన్నప్పట్నుంచీ దాని మీద వేలు రాసుకుంటూ పెరిగాను” అంది కోడలు. “ముందు దాన్ని చూసే చేశాను, రంగు వల్ల అంచు మొద్దుగా వచ్చింది. అందుకే ముక్కలు తీశాను. తప్పే. కానీ నాకీ పనంటే చాలా ఇష్టం మావయ్యా.”

మేస్త్రి వియ్యంకుడి వైపు చూశాడు. ఈ మనిషి పొద్దున లేస్తే ఈ గుమ్మంలోంచే తిరుగుతున్నాడు. తలుచుకుంటే ఏనాడో చేసుకోగలిగేవాడు. ఊరంతా గుమ్మాలకి బిగించి పెట్టినదాన్ని తను మాత్రం పొయ్యిలో కాల్చి దాస్తున్నాడు. ఎంత దాచాడో తలుచుకుంటే సిగ్గేసింది.

ఎటు చూడాలో తెలియక ఆ చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు, ఏదైనా తప్పు పట్టాలని. బల్ల మీదున్న చెక్కకి ఆనించి తోశాడు. జానెడు దూరం చక్కగా వెళ్ళి ఆగిపోయింది. చెక్క పొట్టు దాని నోట్లో ఇరుక్కుంది.

“ఎప్పుడూ ఇంతే” అంది కోడలు. “బ్లేడు ఎంత పదును పెట్టినా ఇంతే.”

అంచులో లోపం లేదు. లోపం బ్లేడుని బిగించే చీలలో ఉంది. చీల మొనని ఏటవాలుగా కోయాలి, అప్పుడు పొట్టు పక్కకి తిరిగి బయటపడుతుంది. ఆ సంగతి గుమ్మం చూస్తే తెలియదు, ముక్క చూస్తే తెలియదు. అసలు గుట్టు ఇంకా తన దగ్గరే ఉందని మేస్త్రికి లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. చిత్రిక బల్ల మీద పెట్టేసి ఇంటికెళ్ళిపోవచ్చు. కోడలు చిత్రిక నోట్లోంచి పొట్టుని పుల్లతో ఓపిగ్గా లాగుతోంది.

“సన్నటి ఉలి ఉంటే ఇవ్వండి బావగారూ” అన్నాడు మేస్త్రి.

వియ్యంకుడు ఉన్నవాటిలో పదునైనది ఏరి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి, చెప్పులు వేసుకున్నాడు.

“ఎక్కడికి?”

“మీరు అమ్మాయికి చూపించండి. నేనలా వీధి చివరిదాకా వెళ్ళొస్తాను.”

మేస్త్రి చిత్రికలోంచి చీల ఊడదీసి బల్ల మీద పెట్టాడు. “చీల కదిలిపోతోంది. పట్టుకునే మనిషి కావాలి” అన్నాడు.

వియ్యంకుడు చెప్పులు విప్పి వెనక్కి వచ్చాడు. చీలని బల్లకి అదిమి రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

మేస్త్రి ఉలి ఆనించి, ఆగాడు.

“ఇటు చూడండి బావగారూ.”