అద్దాల బావ గుడ్డముక్క

మా బావ ఒక్క మధ్యాహ్నంలో ఒక అడవిని సర్వనాశనం చేశాడు. గొడ్డలితో కాదు, రంపంతో కాదు, నిప్పుతో అసలే కాదు. కళ్ళద్దాలు తుడుచుకునే అరచేతి వెడల్పు గుడ్డముక్కతో.

అడవి అంటే మరీ దారి తప్పిపోయేంత అడవి కాదు. పదకొండు చెట్లు. అన్నీ బోన్సాయ్‌లే. పదకొండూ కలిపి వరండాలో ఒక పొడుగు బల్ల మీద పట్టేవి, పక్కన కాఫీ కప్పు పెట్టుకోవడానికి చోటు కూడా మిగిలేది. సర్వనాశనం అన్నది కూడా నా నోటి దురదే. చచ్చినవి రెండు. చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధం ఆడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. నిజం ఒప్పుకుంటే సగం సేపటికే లేవనిచ్చేవారు. అప్పటినుంచీ నేను అన్నీ సగం ఒప్పుకుంటూ వస్తున్నాను.

మా అక్క మొగుడిది కళ్ళద్దాల దుకాణం. అందుకే ఇంట్లో అందరికీ అద్దాల బావ. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ వీధిలో ముక్కున్న ప్రతి మనిషికీ ఒక జోడు తగిలించాడు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ముఖానికి గుండ్రటి ఇనప చట్రం ఒకటి బిగించి, అందులో ఒక్కో అద్దమే దూరుస్తూ, తీస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతాడు. ఆ చట్రం పెట్టుకుంటే ఎంత అందగాడైనా గుడ్లగూబలా కనిపిస్తాడు. కళ్ళజోడు వద్దని ఎవరైనా మొరాయిస్తే బావ దగ్గర ఒకే మాట. "సిగ్గెందుకమ్మా? దేవుడు ముక్కు ఇచ్చింది ఊరికే తుమ్మడానికా?"

ఆయన ముక్కు మాత్రం ఉత్త తుమ్ములకే అంకితం. యాభై దాటిన దగ్గర్నుంచీ దగ్గరి వస్తువు ఒక్కటీ కనబడదు. అయినా జోడు పెట్టడు. అక్షరాల పటం కంఠస్థం. ఏ అరలో ఏ నంబరు అద్దం ఉందో వేళ్ళకి తెలుసు. బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు కాగితాన్ని చెయ్యి ఎంత పొడుగుందో అంత దూరం జరిపి, ఏదో చిత్రపటాన్ని మెచ్చుకుంటున్నవాడిలా తల వెనక్కి వాలుస్తాడు. ఒకసారి కుర్చీ మీద ఎవరో మర్చిపోయిన కోటుకి కంటి పరీక్ష చేసి, "మీ చూపుకేం ఢోకా లేదండీ" అని చెప్పి పంపించాడు. కోటులో మనిషి ఉన్నాడని ఆయన వాదన. ఉన్నాడేమో కూడా. నిద్రపోతున్నాడు.

ఇక చెట్ల సంగతి. అవి మా అక్కవి. అన్నిట్లోకీ పెద్దది దానిమ్మ. పెద్దది అంటే జానెడున్నర. పెళ్ళయిన ఏడాది ఎవరో నరికి పారేసిన కొమ్మని తెచ్చి నాటింది. ముప్పై నాలుగేళ్ళు తీగ చుట్టి, విప్పి, గోళ్ళ కత్తెరంత కత్తెరతో చిగుళ్ళు కత్తిరించి, వేళ్ళు దువ్వి, పళ్ళెమంత తొట్టెలో నిలబెట్టింది. మొదలు వంకర తిరిగి, బెరడు చెక్కులు లేచి, దూరం నుంచి చూస్తే రెండు వందల ఏళ్ళ మానులా ఉంటుంది. ఏటా గోలీకాయంత పండు ఒకటి కాస్తుంది. దాన్ని ఎవరూ తినరు. చూస్తారు.

కిందటేడు వాళ్ళ అమ్మాయికి కాన్పు వచ్చింది. అక్క ఆరు వారాలకని బయల్దేరింది. గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడి చెప్పింది. "చూడండీ, రోజూ నీళ్ళు పొయ్యండి. ఆకుల్ని ముట్టుకోకండి. మిగతావి ఏమైనా కానీ, ఆ దానిమ్మకి ఏదైనా అయిందో, నేనిక అటే ఉండిపోతా."

అన్నది నవ్వుతూనే. కానీ మా అక్క నవ్వుతూ అన్నవే చేస్తుంది. కోప్పడి అన్నవి మర్చిపోతుంది. ఆ సంగతి బావకి నాకంటే బాగా తెలుసు.

తొమ్మిది రోజులు సవ్యంగానే గడిచాయి. పదో రోజు ఆయనకి దానిమ్మ ఆకులు మసకబారినట్టు అనిపించింది. మామూలుగా లోకమంతా ఆయనకి మసకే. కానీ ఇది మసకలో మసక. ఆకు మీద వేలు రాస్తే గరుగ్గా తగిలింది.

"దుమ్ము" అన్నాడు బావ. నలభై ఏళ్ళుగా మసకబారినవన్నీ ఒకే గుడ్డతో తళతళలాడించిన మనిషికి ఇంకేం తోస్తుంది? దుకాణం నుంచి మెత్తటి గుడ్డ తెచ్చాడు. అద్దం తుడిచినట్టే ఒక్కో ఆకునీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, పైన ఒకసారి, కింద ఒకసారి, చివరన ఒక చిన్న మెలిక. దానిమ్మ అయిపోయాక, మిగతావి మాత్రం ఏం పాపం చేశాయని, అదే గుడ్డతో బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి పదింటినీ తుడిచాడు. గుడ్డ దులపలేదు. అది ఖరీదైన గుడ్డ, దులిపితే పోగులు లేస్తాయట.

వారం తిరిగేసరికి పదకొండు చెట్లకీ దుమ్ము పట్టింది. బావ వీధి మీద అనుమానపడ్డాడు. వరండా కిటికీలన్నీ బిగించాడు. లోపల గాలి వేడెక్కి, పొడిబారి, రొట్టెలు కాల్చుకునేలా తయారైంది. రోజూ ఉదయం మళ్ళీ తుడుపు.

నేను వెళ్ళేసరికి ఆకుల మీద సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు. రెండు కొమ్మల మధ్య, వెలుతురులో పట్టి చూస్తే, సన్నటి బూజు.

"బావా, ఇది పురుగేమో."

"పురుగైతే కనబడదూ?"

"ఎవరికి?"

"ఏమోయ్, కళ్ళ గురించి నాకు చెబుతున్నావా? నలభై ఏళ్ళ అనుభవం!"

"అనుభవం నీకుంది బావా. కళ్ళే ఇంట్లో లేవు."

మాట పడితే ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రమే పురుగుమందుల దుకాణానికి వెళ్ళి, "అన్నిటికంటే ఘాటైనది ఇవ్వు, ఏ పురుగైనా సరే" అని సీసా తెచ్చాడు. ముక్కుకి రుమాలు కట్టుకుని బల్లంతా తడిపేశాడు. మర్నాడు నాకు కబురు. వెళితే ఒక కాగితం మీద ఎర్ర రెక్కలు, నల్ల చుక్కలు ఉన్న గుండ్రటి పురుగులు ఏడు, వెల్లకిలా.

"ఇవిగో దొంగలు. దొరికాయి" అన్నాడు ఛాతీ విరిచి.

అవి అక్షింతల పురుగులు. ఆయనకి కనబడేంత పెద్దవి ఆ వరండాలో అవే. పాపం ఎర్రగా ఉండటం వాటి నేరం.

ఆపైన ఆకులు రాలడం మొదలైంది. దానిమ్మ కింద పళ్ళెంలో రోజూ గుప్పెడు. అదే సమయానికి అక్క ఫోన్ చేసి, "ఒక ఫోటో పంపండి, చూసి చాలా రోజులైంది" అంది. బావ వీధిలోకి దిగి, ఎదుటి గోడకి ఆనుకుని, అక్కడి నుంచి ఫోటో తీసి పంపాడు. "ఇందులో ఇల్లుంది, చెట్టేది?" అని అక్క. "దూరం నుంచే అందం" అని బావ. దానికి అక్క, "మూడు వారాల్లో వస్తున్నా. వచ్చాక దగ్గర్నుంచి చూస్తాలే" అని పెట్టేసింది.

ఆ రోజు ఆయన అన్నం సగంలో లేచాడు. మర్నాడు నేను చెప్పకుండానే దానిమ్మని ఒళ్ళో పెట్టుకుని నాతో నర్సరీకి వచ్చాడు.

నర్సరీ ఆవిడ నోరు కత్తెర. చేతులు మట్టి. మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది. ఆ జోడు బావ అమ్మిందే. అప్పట్లో ఆవిడ వద్దంటే ముక్కు ఉపన్యాసం ఇచ్చి మరీ అంటగట్టాడు.

ఆవిడ జోడు పెట్టుకుని ఒక ఆకుని తిరగేసింది. తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టి, కొమ్మని రెండుసార్లు తట్టింది. కాగితం మీద మిరియాల పొడిలా నలుసులు పడ్డాయి.

"చూడండి సార్. నడుస్తున్నాయి."

"ఏవి నడుస్తున్నాయి?" అన్నాడు బావ, కాగితాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని. "కాగితం శుభ్రంగానే ఉందిగా."

ఆవిడ కాగితం లాక్కుని, వేలితో ఒక్క రాపు రాసింది. ఎర్రటి గీత.

"ఎర్రనల్లి. ఆకు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది. ఏం చేశారు ఇంతవరకూ?"

బావ గుడ్డ గురించి చెప్పాడు. కిటికీల గురించి, మందు గురించి చెప్పాడు. పట్టుకున్న ఏడుగురు దొంగల గురించి మాత్రం కాస్త గర్వంగా చెప్పాడు. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"సార్, ఒక చెట్టుకున్న నల్లిని గుడ్డ మీద ఎక్కించి మిగతా పదింటికీ మీరే తీసుకెళ్ళి దింపారు. బస్సుకైనా టిక్కెట్ ఉంటుంది. కిటికీలు మూసి వాటికి కావలసిన వేడి పెట్టారు. ఇది మామూలు పురుగు కాదు, సాలీడు జాతి. మీ ఘాటు మందు దీన్నేం చెయ్యలేదు. దీన్ని తినడానికి వచ్చినవాటిని చంపింది. అవి జీతం లేకుండా పని చేస్తున్నాయి సార్."

నేను నవ్వాను. బావ నవ్వలేదు. "బతుకుతుందా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

"బతుకుతుంది. మందు ఆపండి. మట్టి మీద ప్లాస్టిక్ కాగితం కప్పి, చెట్టుని పక్కకి వంచి, ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టండి. తర్వాత పల్చగా సబ్బు నీళ్ళు. మూడు రోజులకోసారి, మూడు వారాలు. ఆ గుడ్డ కాల్చెయ్యండి. పదకొండింటినీ దూరం దూరంగా పెట్టండి. ప్రతిసారీ కాగితం పట్టి తట్టి, ఎన్ని పడ్డాయో చూడాలి."

"చూడాలా?"

"చూడాలి. ఒక్క కొమ్మ వదిలేసినా వారంలో మళ్ళీ అంతా." ఆవిడ జోడు తీసి మళ్ళీ మెడలో వేలాడనిచ్చింది. "సిగ్గెందుకు సార్? దేవుడు ముక్కు ఇచ్చింది ఊరికే తుమ్మడానికా?"

మర్నాడు పట్టపగలు దుకాణం తలుపు మూసి ఉంది. అద్దంలోంచి తొంగిచూశాను. మా బావ కస్టమర్ల కుర్చీలో కూర్చుని, ముఖానికి ఆ ఇనప చట్రం బిగించుకుని, తనకి తానే అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడుగుతున్నాడు. కస్టమర్ తొందరగా తేల్చే రకంలా లేడు.

జోడు మాత్రం చేయించుకోలేదు. ఆ చట్రాన్నే ఇంటికి తెచ్చాడు. అందులో దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద నంబరు అద్దాలు రెండు. "ఇది కళ్ళజోడు కాదోయ్, పనిముట్టు" అన్నాడు నేనేమీ అడక్కముందే. చెట్టు ముందు ముక్కాలి పీట వేసుకుని, ఆకుని తిరగేసి, ముక్కు ఆకుకి తగిలేదాకా వంగాడు. చాలాసేపు కదల్లేదు.

"అమ్మో" అన్నాడు. "ఊరు కట్టాయి."

ఆరు కాళ్ళ నలుసులు. గుడ్లు. బూజు వంతెనలు. పదకొండు చెట్ల మీదా తన చేత్తో దింపిన జనాభా. ఇంకోటి కూడా కనబడింది ఆయనకి. కొమ్మ మీద తీగ చుట్టిన పాత మచ్చలు, కత్తెర ఆనవాళ్ళు, ఒకదాని పక్కన ఒకటి వందలు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ పక్కనే కూర్చుని కాఫీ తాగుతూ వాటిలో ఒక్కటీ చూడలేదు. "ఇంత పని చేసిందా ఇది?" అన్నాడు. అక్క గురించో చెట్టు గురించో నేను అడగలేదు.

మూడు వారాలు గుడ్లగూబలా వరండాలోనే. కాగితం మీద అరవై నలుసులు, తర్వాత నలభై, పన్నెండు. రెండు చెట్లు మోడుబారాయి. దానిమ్మ సగం ఆకులు రాల్చి, చివర్న ఒక ఎర్ర చిగురు వేసింది. ఆ చిగురు చూపించడానికి నన్ను నాలుగుసార్లు పిలిచాడు.

అక్క చెప్పినదానికంటే రెండు రోజుల ముందే వచ్చేసింది. తలుపు తీసే ఉంది. వరండాలో మొగుడు ఇనప చట్రం పెట్టుకుని, చెట్టుని పసిపిల్లలా పక్కకి వంచి, అడుగున నీళ్ళు కొడుతున్నాడు. అలికిడికి తిరిగాడు. ఆ అద్దాలతో దూరం కనబడదు, అందుకని దగ్గరికి వచ్చేసింది అక్క. బావ ఆమె ముఖంలోకి చూసి, చెట్టుని చూసినంత సేపు చూశాడు.

"నీ జుట్టు ఎప్పుడు తెల్లబడింది?"

"మీరు చూడ్డం మానేసిన మర్నాడు" అంది అక్క. తర్వాత దానిమ్మకేసి వంగి, రాలిన ఆకులు చూసి, చిగురు చూసి, ఆ రెండు మోళ్ళనీ చూసి, పెట్టె లోపల పెట్టుకుంది. అంటే ఉంటుందన్నమాట. బావ అప్పుడు ఊపిరి వదిలాడు. చట్రం మాత్రం తియ్యలేదు.

రాయడం పూర్తయ్యాక, మర్యాద కోసం ఈ కాగితాలు పట్టుకెళ్ళి ఆయనకే ఇచ్చాను. నా అక్షరాలు చీమలు పాకినట్టు ఉంటాయి. కాగితాలు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అరగంటకి ఖాళీ ముక్కుతో తిరిగొచ్చి, కాగితాలు నా ఒళ్ళో పడేశాడు.

"అంతా కోతలు. నల్లికి ఆరు కాళ్ళని రాశావు. ఎనిమిది."

"నీకెలా తెలుసు బావా?"

"తెలియడం ఏమిటి, అసలు నేను చూడందే! గుడ్డ లేదు, మందు లేదు, చట్రం లేదు. నేను ఏనాడూ ఆ చెట్టు దగ్గరికే వెళ్ళలేదు. మా ఇంట్లో పురుగన్నదే లేదు. మీ అక్క జుట్టు కూడా నల్లగానే ఉంది."