అరచేతితో తనిఖీ

వాస్లుయ్ జిల్లా పల్లెల్లో పిల్లల సంక్షేమం చూసే సవేతకు యాభై దాటినా కాలు ఒకచోట నిలవదు. ఎవరింటికెళ్ళినా కూర్చోదు. కోటు గుండీ తిప్పుకుంటూ గదంతా కలియదిరిగి, ఇల్లు వెచ్చబెట్టే గోడవార పొయ్యి మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. ఆ జనవరిలో అనికూత్స ఇంటి పొయ్యి మంచుగడ్డలా తగిలింది. ఆమె కూతుళ్ళిద్దరూ ఒకే దుప్పట్లో ముడుచుకుని ఉన్నారు. పిల్లలు చలికి వణికిపోతున్నారన్న పొరుగువాళ్ళ ఫిర్యాదు మీద ఆ ఇద్దరినీ శిశుగృహానికి తరలించమన్న ఉత్తర్వు సవేత సంచిలోనే ఉంది.

"తీసుకుపోడానికేగా వచ్చావక్కా?" అంది అనికూత్స, పిల్లలకు అడ్డంగా నిలబడి.

"కట్టెలున్నాయిగా, వెలిగించవేమే?"

"వెలిగిస్తే పొగంతా ఇంట్లోకే తంతోంది. చిన్నదానికి ఊపిరాడట్లేదు."

సవేత బయటికి నడిచింది. పొయ్యిలు బాగుచేసే ముసలి గ్లిగోర్‌ను భోజనం మధ్యలోంచి లేపి తీసుకొచ్చింది. "నీతో వేగలేమమ్మా తల్లీ" అని గొణుగుతూనే ఆయన పొగగొట్టంలోంచి కాకిగూడు పీకి పారేశాడు. మంట అందుకుంది. ఒళ్ళు వెచ్చబడగానే పిల్లలు తల్లి ఒళ్ళోనే నిద్రపోయారు. అంతలో పై అధికారి ఫోన్ చేశాడు.

"ఏమ్మా, పిల్లల్ని తెస్తున్నావా?"

సవేత గొంతు తగ్గించింది. "లేదు సార్. వాళ్ళమ్మ దగ్గర పడుకున్నారు. నేను లేపను."