కౌబాయ్ మెత్తదనం మీద నా అనుమానం

కౌబాయ్ సినిమాల వీరుణ్ని నేను నమ్మను. చదువు పదో తరగతితో ఆగిపోయినా, లైబ్రరీలో సినిమాల మీద ఉన్న పుస్తకాలన్నీ, హిందీవీ తెలుగువీ, చదివినదాన్ని. అందుకే కొంచెం గట్టిగానే అంటాను. ఎండకు కమిలిన ముఖం, మాసిన గడ్డం, పొడి మాటలు. అంతటి మొరటువాడు గాయపడిన గుర్రం మెడ నిమురుతాడు. చూసేవాళ్ల గుండె కరుగుతుంది, నాదీ కరుగుతుంది. కానీ అతను నిమిరే సమయానికి ఎదురుగా ఎప్పుడూ ఓ ఆడమనిషి నిలబడి ఉంటుంది. నా అనుమానం అక్కడే.

మా చెల్లెలికి ఆ సినిమాలంటే ప్రాణం. భర్త పోయాక ఈ హిందీ ప్రాంతంలో, బాగ్‌బేరాలో మా రైల్వే క్వార్టర్‌లోనే ఉంటూ, ఫోన్‌లో హిందీ డబ్బింగులు చూస్తూ ఉండేది. కిందటేడు ఒక కీమ్యాన్ ఆమెను పెళ్లి చేసుకుంటానని కబురు పెట్టాడు. రోజూ పట్టాల వెంట నడుస్తూ, పట్టాలను పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తితో బిగించడం అతని పని. మావాళ్లలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. భార్య లేదు. మాట తక్కువ. మా ఇంటికి వచ్చినప్పుడు బిస్కెట్టు చిదిపి గుమ్మంలోని కుక్కపిల్లకు పెట్టాడు. నేను చెల్లెలి ముఖం చూశాను. వెలిగిపోతోంది.

"అమ్మా నాన్నా నేరు. నువ్వు ఊఁ అంటేనే సేసుకుంతాను," అంది, అతను వెళ్లాక.

"నువ్వు సూత్తన్నావనే కుక్కకి పెట్టాడే."

"ఏటక్కా, పుస్తకాలు సదివి సదివి పోలీసోళ్లలాగ అయిపోనావు!"

"ఎవులూ సూడనప్పుడు ఎలాగుంతాడో సూడాల."

"ఎల్లి సూడు మరి, జాసూస్ దీదీ!"

గూఢచారిలాగే వెళ్లాను. మర్నాడు పొద్దున్నే కూరల సంచీతో పట్టాల మీది కాలివంతెన ఎక్కి నిలబడ్డాను. అతను తన బీటు, అంటే తన వంతు పట్టాల వెంట, భుజాన సుత్తితో వస్తున్నాడు. కొంచెం ముందు ఒక ముసలామె నెత్తిన పుల్లల మోపుతో పట్టాలు దాటుతోంది. గూడ్సు కూత ఆమెకు వినపడలేదు. అతను పరుగెత్తుకెళ్లి మోపు లాగి పారేసి, రెక్క పట్టుకుని ఈడ్చాడు. ఆమె మోకాళ్ల మీద పడింది. బండి పోయాక, "చావడానికి నా బీటే దొరికిందా, బుఢియా?" అని హిందీలో అరిచాడు. ఆమె అంతకంటే గట్టిగా తిట్టింది. అతను మోపు ఎత్తి ఇవ్వలేదు. తిరిగి పట్టా దగ్గరికెళ్లి కీ మీద సుత్తి వేశాడు. రెండుసార్లు గురి తప్పింది. మూడోసారికి ముందు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కాసేపు ఊరికే కూర్చున్నాడు. వంతెన వైపు ఒక్కసారీ తలెత్తలేదు. అది మాత్రం బాగా కనిపెట్టాను.

ఇంటికొచ్చి చెప్తే చెల్లెలి ముఖం మాడిపోయింది. "ముసిల్దాన్ని ఈడ్చీసినాడా? మోపైనా ఎత్తి ఇవ్వనేదా?"

ఇప్పుడు అనుమానం తనది. ఆదివారం అతను వస్తే సూటిగా అడిగేసింది. అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మీకెవులు సెప్పినారు?"

"నేనే సూశాను," అన్నాను.

అతను తల దించుకున్నాడు. "దెబ్బ తగిలిందేటని అడగాల్సింది. భయానికి నోట్లోంచి తిట్టే వచ్చింది."

చెల్లి నా వైపు తిరగలేదు. "నాకు సమ్మతమే," అని అతనికే చెప్పింది.

నా ఊఁ కోసం ఎవరూ ఆగలేదు.