రిలీవర్ రాని కుర్చీ

మా తిరుమలరావు నాటకానికి వచ్చేటప్పుడు టార్చిలైటు, మంచినీళ్ళ సీసా, ఒక నోటుబుక్కు పట్టుకొస్తాడు. నోటుబుక్కు దేనికనుకున్నారు? పాటలు రాసుకోవడానికి కాదు. ఉక్కు కర్మాగారంలో ముప్ఫైమూడేళ్ళు క్రేన్ నడిపిన మనిషి, నాటకానిక్కూడా షిఫ్టు లాగ్ రాస్తాడు. ఒకసారి లాక్కుని చదివాను. "4.10: తెర లేచింది. 4.25: తండ్రికి గుండెపోటు. 4.40: తండ్రి లేచి ఉపన్యాసం ఇచ్చాడు. 5.05: మళ్ళీ గుండెపోటు. పరిస్థితి నార్మల్."

నేను నరసింహమూర్తిని. మాది తణుకు దగ్గర. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నాదీ అదే క్రేన్. ఆయన మొదటి షిఫ్టయితే నాది రెండోది. మాతో తిరిగే మూడోవాడు సాయిశంకర్, ఆనందపురం మనిషి, పోర్టులో గుమాస్తా. వాడికి నాటకాల మీద ప్రేమేమీ లేదు, ఇంట్లో టీవీ రిమోటు చేతికి రాదు, అంతే. ఇలా సెలవు రోజుల్లో ముగ్గురం కలిసి గాజువాక, మర్రిపాలెం, పద్మనాభం, ఎక్కడ తెర కడితే అక్కడికి పోయేవాళ్ళం.

క్రేన్ ఆపరేటర్‌కి ఒక నియమం ఉంటుంది. కింద కరిగిన ఉక్కు ఉంటుంది కాబట్టి రిలీవర్, అంటే తరవాతి షిఫ్టు మనిషి, పైకి ఎక్కి ఎదురుగా నిలబడి చార్జి తీసుకునేదాకా సీటు వదలకూడదు. మంచి నియమమే. కానీ దాన్ని తిరుమలరావు నాటకాల హాలుకి కూడా పట్టుకొచ్చాడు. నాలుగో వరసలో నడవ పక్క కుర్చీ ఆయనది. ఒంటేలుకి వెళ్ళాలన్నా మాలో ఒకరు వచ్చి అందులో కూర్చోవాలి. కూర్చుంటే సరిపోదు. ఆయన అప్పటిదాకా జరిగిన కథ అప్పజెపుతాడు.

"తమ్ముడు ఆస్తి రాయించీసుకున్నాడు బావా. ఒదినకి అనుమానవొచ్చింది. సార్జి తీసుకున్నావా?"

"తీసుకున్నాను" అని నోటితో చెప్పాలి. ఊఁ అంటే ఒప్పుకోడు. తిరిగొచ్చాక ఈలోపు ఏం జరిగిందో మనం అప్పజెప్పాలి. ఒకసారి ఆయన కుర్చీలో నాకు కునుకు పట్టింది. లేపి "ఏటైంది?" అంటే ఏం చెప్పను? వదిన విషం తాగిందని చెప్పేశాను. పాపం, మిగతా నాటకమంతా ఆ వదినని జాలిగా చూస్తూ కూర్చున్నాడు. చివర్లో ఆవిడ మరిది పెళ్ళిలో డ్యాన్సు కూడా చేసింది. లాగ్‌లో "విషం పనిచేయలేదు" అని రాసుకున్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. మనుషుల్ని నమ్మడంలో ఆయనకి మొదటి బహుమతి ఇవ్వాలి.

ఇంకోసారి పద్మనాభం దగ్గర ఒక సంగీత నాటకం. పాటలన్నీ సౌండు మనిషి ఫోన్లోంచి వస్తున్నాయి. రాజుగారు నోరు తెరిచి రాగం అందుకున్నారు. పాట ఆగిపోయి, ఫోన్ మోగి, పెద్ద పెద్ద బాక్సుల్లోంచి ఓ ఇల్లాలి గొంతు వచ్చింది: "సేపలు తెత్తావా, నేదా?" రాజుగారు ఏం తోచక "తెత్తాను" అని సభలోంచి వెళ్ళిపోయారు. జనం గొల్లున నవ్వారు. తిరుమలరావు నవ్వలేదు. "6.15: రాజు చేపలకు వెళ్ళాడు" అని రాసుకుని, మంత్రి ఏం చేస్తాడా అని ముందుకు వంగి చూశాడు. ఆయన చూపు చూశాక మంత్రి వేషగాడు కూడా సర్దుకుని, నిజంగానే రాజ్యం చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఇంత నియమం ఉన్న మనిషికి నేను చేసిన ద్రోహం ఇప్పుడు చెప్పుకోవాలి. చెప్పకపోతే తరవాతి కథ అర్థం కాదు.

ఆయన రిటైరైన రోజు. మధ్యాహ్నం రెండింటికి ఆయన షిఫ్టు ఆఖరు. మూడింటికి క్యాంటీన్లో సన్మానం. మాట్లాడేది నేను. వారం రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. ఆ రోజు తిన్నగా క్యాంటీన్‌కి వెళ్ళి మైకు చూసుకున్నాను, పూలదండ చూసుకున్నాను, జనాన్ని చూసుకున్నాను. మూడయింది, తిరుమలరావు రాలేదు. పెద్ద ఆఫీసరుకి వేరే మీటింగుందిట, మొదలెట్టేయమన్నారు. నేను లేచి ఇరవై నిమిషాలు మాట్లాడాను. "రిలీవర్ రానిదే సీటు వదలని మహానుభావుడండీ మా తిరుమలరావు" అని ఏడ్చాను కూడా. చప్పట్లే చప్పట్లు. ఆఫీసరుగారు ఖాళీ కుర్చీకి శాలువా కప్పి, దండ వేసి, ఫొటో తీయించుకుని వెళ్ళిపోయారు. అప్పుడు మూల నుంచి ఎవరో అడిగారు, "ఇంతకీ ఆయన్ని ఇయ్యాల రిలీవ్ సెయ్యాల్సినోడు ఎవడు?"

అందరూ నావైపు చూశారు.

నేను క్రేన్ మెట్లెక్కేసరికి నాలుగున్నర. ఉద్యోగం అయిపోయిన మనిషి రెండున్నర గంటలుగా పైన కూర్చుని ఉన్నాడు, కొత్త చొక్కా మీద చెమట పట్టి. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"హుక్కు ఆ సివర ఉన్నాది. బ్రేకు కొంచెం జారతంది. పరిస్థితి నార్మల్. సార్జి తీసుకున్నావా బావా?"

"తీసుకున్నాను" అన్నాను. ఆయన దిగిపోయాడు. క్యాంటీన్లో అప్పటికి కుర్చీకున్న దండ మాత్రమే మిగిలిందిట. ఆ తరవాత ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ నాకు అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా గుర్తొచ్చేది.

రెండేళ్ళు గడిచాయి. ఈ ఏడాది గాజువాకలో ఒక పరిషత్తు వాళ్ళు నాటిక పోటీలు పెట్టారు. కళ్యాణమండపం వెనక ఖాళీ స్థలంలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. వాళ్ళ కార్యదర్శి శ్రీరామ్మూర్తిగారికి ఒక బుద్ధి పుట్టింది. ఉత్తమ నటుడు, ఉత్తమ విలన్, ఉత్తమ మేకప్, అందరికీ బహుమతులున్నాయి, చూసేవాడికేదీ అని. అందుకని ఈసారి "ఉత్తమ ప్రేక్షకుడు" అని ఒకటి చేర్చారు. దానికి పోటీ ఎవరూ లేరు. వందన సమర్పణ దాకా కూర్చునేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడేనని అందరికీ తెలుసు.

తిరుమలరావు ఇంటికెళ్ళి భార్య వరహాలమ్మకి చెప్పాడు. ఆవిడ కూర తరుగుతూ, "ఊరికే కూకున్నోడికి సన్మానవేటి? అలగైతే మన గేదికీ సెయ్యాల" అంది. నాటకాలంటే నిద్రొస్తుందని తను రానంది కూడా. ఆయన ఏమీ అనుకోలేదు. చొక్కా కుట్టించుకున్నాడు, జుట్టుకి రంగేయించుకున్నాడు. ఆ రోజు బస్సులో కిటికీలోంచి చూస్తూ మెల్లిగా అన్నాడు.

"ఆవేళ నా సన్మానం నాను సూడ్నేదు బావా. ఇయ్యాలైనా సూడాల. నా పేరు పిలిసినప్పుడు నువ్వు నా పక్కనుండాల."

"ఉంటాను" అన్నాను. ఒట్టు కూడా వేశాను.

నాటికలు సాయంత్రం అయిదింటికి అయిపోయాయి. బహుమతులు నలభై రెండున్నాయిట, మూడో ఉత్తమ లైటింగుతో సహా. అందులో ఉత్తమ ప్రేక్షకుడు నలభై రెండోది. ఇంతలో షామియానా వెనక పులిహోర, బూరెలు పంచుతున్నారని కబురొచ్చింది. కుర్చీలు నిమిషంలో ఖాళీ అయ్యాయి. న్యాయనిర్ణేతలు కూడా లేచారు. నాకు ఆకలేస్తోంది. నలభై రెండోది కదా, టైముందిలే అని నేనూ వెళ్ళాను, సాయిశంకర్‌ని ఆయన పక్కన కూర్చోబెట్టి మరీ.

లైన్లో ఎవరో కొత్తవాళ్ళు ఇద్దరు నిలబడ్డారు. మాట కలిసింది. "మా తిరుమలరావని ఒకాయనున్నాడండీ" అని మొదలుపెట్టాను. ఏం చెప్పను, నాకు వినేవాడు దొరికితే ఒళ్ళు తెలీదు. ముప్ఫైమూడేళ్ళూ చెప్పాను. క్రేన్ చెప్పాను. "రిలీవర్ రానిదే సీటు వదలని మహానుభావుడండీ" అంటూ రెండో బూరె కొరికాను. వాళ్ళకి కళ్ళు చెమర్చాయి. అప్పుడు వినిపించింది మైకు.

"తిరుమలరావుగారూ, దయచేసి వేదిక మీదకి రావాలి. మాస్టారూ, మిమ్మల్నే."

తరవాత మైకు లేని గొంతు, నాలుగో వరసలోంచి:

"రిలీవర్ రాలేదండీ."

పరిగెత్తాను. దారంతా లైన్లో జనం. నేను వెళ్ళేసరికి సంగతి ముదిరింది. పక్కనుండాల్సిన సాయిశంకర్ బూరెలు అయిపోతాయని నా వెనకే వచ్చేశాడని అప్పుడు చూశాను. శ్రీరామ్మూర్తిగారు స్టేజీ అంచుకొచ్చి బతిమాలుతున్నారు.

"నాటికలైపోయాయి కదా మాస్టారూ!"

"వందన సమర్పణ అవ్వనేదు కదండీ. షిఫ్టు ఉన్నట్టే."

"పోనీ శాలువా అక్కడికే తెస్తాం."

"డ్యూటీలో ఒదులు బట్టలు కప్పుకోకూడదండీ. సేఫ్టీ."

స్టేజీ మీద ముఖ్య అతిథి శాలువా విప్పి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెద్దాయన, చేతులు లాగుతున్నాయి. ఎవరి భుజాన వేయాలా అని అటూ ఇటూ చూశాడు. పక్కనే ఒక ఖాళీ కుర్చీ కనిపించింది. శాలువాతో దానివైపు ఒక అడుగు వేశాడు.

"ఆగండీ!" అని అరిచాను. నోట్లో బూరె ఉంది, ఏమని వినబడిందో తెలీదు. నాలుగో వరసకొచ్చి తిరుమలరావు ఎదురుగా నిలబడ్డాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

"నలభయ్యొక్క బహుమతులైపోనాయి. ముఖ్య అతిథి ఉపన్యాసం అవ్వనేదు. సార్జి తీసుకున్నావా?"

"ఊఁ."

ఆయన కదల్లేదు. బూరె మింగాను. "తీసుకున్నాను బావా" అన్నాను.

లేచి వెళ్ళాడు. కుర్చీ వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళూ ఇందులో కునుకు తీశానే గానీ ఇక్కణ్ణుంచి స్టేజీ ఇంత బాగా కనిపిస్తుందని నాకు తెలీదు. ఆయన మెట్లెక్కాడు. శాలువా కప్పారు. దాన్ని ఓ కొస నుంచి ఇంకో కొస దాకా తడిమి చూసుకున్నాడు. దండ ఎత్తి వాసన చూశాడు. మైకిస్తే, "నాను సూసేను" అన్నాడు. అంతే మాట్లాడాడు. చప్పట్లు కొట్టడానికి నేనొక్కణ్ణే ఉన్నాను. ఆవేళ క్యాంటీన్లో ఏడ్చింది మైకు కోసం. ఈ ఏడుపు మాత్రం నాకు నిజంగానే వచ్చింది.

"వన్స్ మోర్!" అని అరిచాను.

నాటకాలాడే చోట ఆ మాటకి మర్యాద ఉంది. ముఖ్య అతిథి కంగారుపడి శాలువా తీసి మళ్ళీ కప్పాడు. తిరుమలరావు మళ్ళీ తడుముకున్నాడు.

వందన సమర్పణ అయింది. స్టేజీకి అవతలి మెట్ల మీదుగా దిగి, సాయిశంకర్ భుజమ్మీద చెయ్యేసి, తిరుమలరావు బస్సెక్కి వెళ్ళిపోయాడు. నావైపు చూడలేదు. నోటుబుక్కు మాత్రం కుర్చీ కింద వదిలేశాడు.

లేవచ్చు. ఎవరాపుతారు? సాయిశంకర్ ఫోన్ చేసి, "ఆడు ఇంటికెల్లి ఒదినకి శాలువా సూపిత్తన్నాడు, నువ్వింకా అక్కడేటి సేత్తన్నావ్?" అన్నాడు. షామియానా వాళ్ళు నా చుట్టూ కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి పేర్చి వ్యానెక్కించారు. ఒకతను వచ్చి "లెగండి బాబూ" అన్నాడు. "రిలీవర్ రావాలి" అన్నాను. అతను ఏమనుకున్నాడో, ఒక్క కుర్చీయే కదాని వదిలేశాడు. నేను టార్చి లేకుండానే వీధిలైటు వెలుగులో లాగ్ రాశాను. "6.00: చార్జి తీసుకున్నాను. 6.20: తెర విప్పారు. 6.45: కుక్క వచ్చింది. 7.00: కుక్క వెళ్ళింది." రెండున్నర గంటలంటే ఎంతసేపో నాకు అప్పటిదాకా తెలీదు.

ఎనిమిదిన్నరకి స్కూటర్ చప్పుడైంది. తిరుమలరావు శాలువా కప్పుకునే వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఏటి బావా, విశేషాలు?"

"స్టేజీ ఖాళీ. కుక్కొకటి వచ్చి వెళ్ళింది. పరిస్థితి నార్మల్."

"సార్జి తీసుకున్నాను" అన్నాడు. నేను లేచాను.