అంచు మీది బొట్లు

కోదాడ జైరాం పదేళ్లుగా ఇళ్ళకు వెళ్ళి కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. అతనికి రెండు అలవాట్లు. డిస్క్ చేతికొస్తే ముందు కాపీ తీస్తాడు, తర్వాతే ఆడిస్తాడు. ఒక ఇంటి కంప్యూటర్‌లో చూసింది ఇంకో ఇంట్లో చెప్పడు.

2012లో నేరేడుచర్ల నుంచి నవనీత ఫోన్ చేసింది. గొర్లకాపరుల పిల్ల. మిల్లు సావుకారి నరసయ్య తమ్ముడి కొడుకు పృథ్వీ ఆమెను గుడిలో పెళ్ళి చేసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే పెళ్ళే కాలేదంటున్నాడు. రేపు పదింటికి కోదాడలో పెద్దమనుషుల పంచాయితీ. ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక్క పెళ్ళి సీడీ.

జైరాం వెళ్ళేసరికి ఆమె దాన్ని అప్పటికే ఆడిస్తోంది. పీటల మీద కూర్చునే దాకా బొమ్మ సాఫీగా నడిచి, జీలకర్ర బెల్లం, తాళి రాకముందే గడ్డకట్టింది. డ్రైవ్ లోపల గరగరమని చప్పుడు. ప్లేయర్ మార్చినా అంతే.

డిస్క్ తీసి వెలుగుకు పట్టాడు. మెరిసే వైపు అంచు పొడవునా ఎండిన పసుపు బొట్లు. తల్లి బక్కమ్మ దాన్ని దేవుడి గూట్లో ఉంచి, వారం వారం బొట్టు పెట్టిందట.

"మెరిసేదే మొఖమనుకున్న బిడ్డా," అందామె.

డిస్క్‌ను కంప్యూటర్ నడిమి నుంచి అంచుకు చదువుతుంది. అందుకే మొదలంతా ఆడింది, చివర ఆగింది.

అంతలో ఆటో ఆగింది. నరసయ్య పిలవకుండానే వచ్చి మంచమ్మీద కూర్చున్నాడు. బొమ్మ తాళి దాకా రాలేదని విని నవ్వాడు.

"గుళ్ళె కూసున్నరు, గంతేగదా. గుళ్ళె అందరం కూసుంటం."

జైరాం డిస్క్ మీదికి వంగాడు. తడి దూదితో నడిమి నుంచి అంచుకు మెల్లగా తుడిచాడు. దాన్ని మళ్ళీ కంప్యూటర్‌లో పెట్టి, పెన్ డ్రైవ్ గుచ్చి, బొమ్మ ఆడించకుండానే కాపీ మొదలుపెట్టాడు. తెర మీద పచ్చ గీత పాకసాగింది.

"గా గీత ఏంది తమ్మీ?"

"సాఫ్ అయితున్నది సావుకారి."

గీత తొంభై శాతం దగ్గర చాలాసేపు నిలిచింది. నవనీత కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. చివరికి గీత నిండింది. పెన్ డ్రైవ్ జైరాం జేబులోకి వెళ్ళడం ఆమె చూసింది.

నరసయ్య లేచి డిస్క్ తీసుకున్నాడు.

"మిర్యాలగూడల మంచి మెకానిక్ ఉన్నడు, సూపిస్త. డబ్బా గూడ తీస్కపోతం, బీమారి దాంట్ల ఉన్నదేమో."

ఆటోలోంచి ఇద్దరు దిగారు. బక్కమ్మ కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది.

"తీస్కపోనియ్యమ్మా," అంది నవనీత, జైరాం వైపు చూడకుండా.

గడప దగ్గర నరసయ్య ఆగాడు. "ఇంతకు ఆడిందా తమ్మీ?"

"ఆడలే."

జైరాం బండి కోదాడ వైపు తిప్పాడు. ఊరు దాటాక వరిచేల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. అద్దంలో చూశాడు. ఆటో వెనకే వస్తోంది, కంప్యూటర్ డబ్బా దాని సీటు మీద అటూ ఇటూ ఊగుతోంది.

మిర్యాలగూడ పోయే దారి ఇది కాదు, ఊరికి అటువైపు.