పుస్తకం తేలేలోపు ఇంగ్లీషు క్లాసు

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నానని చెప్పుకోవడానికి హైటెక్ సిటీ దాకా వెళ్లనక్కరలేదు. బాచుపల్లిలో ఉన్నా, మూసాపేటలో ఉన్నా, అనంతపురం నుంచి చూస్తే అన్నీ హైటెక్ సిటీయే. నేను బాచుపల్లిలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి, త్వరలో పిలుస్తామన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల మాట పట్టుకుని వేలాడుతున్నాను. (ఆ 'త్వరలో' ఎంత పొడుగుంటుందో అప్పటికి నాకు తెలియదు.) అనంతపురంలో ఉన్న మా నాన్న మాత్రం ఒకటే మాట మీద ఉన్నాడు. "ఏదన్నా ఉజ్జోగం ఉంటే ఆడే ఉండుమ్మా. లేదంటే వచ్చెయ్, మీ మామ అంగట్లో కూచుందువు" అన్నాడు. మామది ఎరువుల అంగడి. నాకు యూరియా మీద ద్వేషమేమీ లేదు కానీ, దాని పక్కన జీవితం గడపాలనీ లేదు.

సరిగ్గా అప్పుడు దొరికింది ఆ క్లాసు. హాస్టల్ పక్కనే ఒక పెద్ద అపార్ట్‌మెంట్. అక్కడ బడి నుంచి వచ్చిన చిన్నపిల్లలకు సాయంత్రాలు క్లబ్‌హౌస్‌లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పాలి. అసోసియేషన్ సెక్రటరీగారు ఏదో కంపెనీలో పెద్ద మేనేజరు. ఆయనకు నేను మనసులో పెట్టుకున్న పేరు ప్రాసెస్ సార్. అసోసియేషన్ వార్షికోత్సవంలో పిల్లలు స్టేజీ మీద ఇంగ్లీషు మాట్లాడితే క్లాసు కొనసాగుతుందనీ, లేకపోతే అంతటితో సరి అనీ ఆయన మొదటిరోజే చెప్పేశారు. అంటే నేను ఇక్కడ ఉంటానా, యూరియా పక్కకు పోతానా అన్నది ఆ స్టేజీ మీద తేలాలి.

నేను తెలివితక్కువగా ఒక బొమ్మల పుస్తకం తీసుకెళ్లి, ఇది బాగుంది సార్, రేపే మొదలుపెడతాను అన్నాను. ఆయన దాన్ని తెరిచి కూడా చూడలేదు. "గట్ల ఎట్లమ్మా? ఒక ప్రాసెస్ ఉంటది గదా. జర ఆగు" అన్నారు. ఆ ప్రాసెస్ ఏమిటంటే, మూడు పుస్తకాలు తెప్పిస్తారు, అవి ఫ్లాటు ఫ్లాటుకీ తిరుగుతాయి, తల్లిదండ్రులంతా మార్కులు వేస్తారు. కాగితం మందానికి ఇన్ని, బొమ్మలకు ఇన్ని, కుట్టుకు ఇన్ని. ఒక నాన్నగారు దీని తర్వాతి వెర్షన్ ఎప్పుడొస్తుందని అడిగారు. భీమవరం నుంచి వచ్చిన ఒకావిడ, మా వాడు పుస్తకాలు చింపుతాడండీ, వాడికిచ్చి చూశాక గానీ మార్కులు వేయలేనండీ అని ఒకటి పట్టుకుపోయారు. ఆ పుస్తకాల్లో ఇంగ్లీషు ఎలా ఉందని ఎవరూ అడగలేదు. దానికి మార్కుల పట్టికలో గడి లేదు మరి.

ఈలోగా క్లాసు కోసం క్లబ్‌హౌస్ గది బుక్ అయిపోయింది గదా అని పిల్లల్ని నా దగ్గరికి పంపించేశారు. పుస్తకం ఏదని నేనడిగితే, ఫైనల్ అయ్యేదాకా దేన్నీ ముట్టుకోవద్దు, నువ్వు ఒకదాంట్లోంచి చెబితే మిగతా రెండింటికీ అన్యాయం అన్నారు ప్రాసెస్ సార్. నా బొమ్మల పుస్తకమూ వద్దన్నారు, అది పోటీలోనే లేదు గనక. వారాలు గడిచిపోతున్నాయి. పిల్లలు నా మొహం చూస్తారు, నేను వాళ్ల మొహం చూస్తాను. మామ అంగడి రోజురోజుకీ దగ్గరికొస్తోంది.

ఏం చేయాలో తోచక ఒకరోజు పిల్లల్ని వెంటేసుకుని బయటకు నడిచాను. ఆ అపార్ట్‌మెంట్లో అంగుళం ఖాళీ ఉంటే అక్కడొక బోర్డు. లిఫ్టులో, మెట్ల దగ్గర, తోటలో, స్విమ్మింగ్ పూల్ గోడ మీద, అన్నీ ఇంగ్లీషే. ప్రతి బోర్డు ముందూ నిలబడి చదివించాను, అర్థం చెప్పాను, ఎప్పుడు ఎవరితో అనాలో ఆడించాను. పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. వాళ్లలో ఒక పాప, లిఫ్టులోంచి బయటకు రానని మొండికేసేది గనక లిఫ్ట్ పాప అనేవాళ్లం, తోటలో మందారాలు కోస్తున్న వాళ్ల నానమ్మతో "డూ నాట్ ప్లక్ ఫ్లవర్స్" అందట, పూజ అయ్యేదాకా ఆవిడ పాపతో మాట్లాడలేదట.

వార్షికోత్సవం వచ్చింది. పుస్తకం ఇంకా తేలలేదు. లిఫ్ట్ పాప స్టేజీ ఎక్కి, మైకు పట్టుకుని, తన గురించి నాలుగు మాటలు చెప్పాల్సింది పోయి బిగుసుకుపోయింది. ఒట్టు, ఆ క్షణాన నా ముక్కుకు యూరియా వాసన వచ్చింది. ఇంతలో ముందు వరుసలో ప్రాసెస్ సార్ ఫోను మోగింది. ఆయన అక్కడే కూర్చుని గట్టిగా మాట్లాడసాగారు. పాప ఆయన వైపు చూసింది. "కైండ్లీ మెయింటెయిన్ సైలెన్స్" అంది మైకులో. "వయలేటర్స్ విల్ బీ ఫైన్డ్. దిస్ ఏరియా ఈజ్ అండర్ సీసీటీవీ సర్వైలెన్స్."

ఆయన ఫోను పెట్టేశారు. వెనకున్న పిల్లలు ఊరుకుంటారా, లిఫ్టు నుంచి స్విమ్మింగ్ పూల్ దాకా ఉన్న బోర్డులన్నీ కోరస్‌గా అందుకున్నారు. హాలంతా చప్పట్లు. నేను ఏడ్చేశాను, సంతోషంతోనే.

తర్వాత ప్రాసెస్ సార్ నన్ను పక్కకు పిలిచారు. "ఏ బుక్కులదమ్మా ఇది? మస్తుగుంది ఇంగ్లీషు" అన్నారు. ఆ బోర్డులన్నీ రాయించింది ఆయనే. ఇక్కడే దొరికింది సార్ అన్నాను. తిరుగుతున్న మూడింటిలో ఒకటనుకుని, ప్రాసెస్ అంటే ఇట్లుండాలె అని సంబరపడ్డారు. క్లాసు నిలిచింది. కొన్నాళ్లకు పుస్తకమూ తేలింది, భీమవరం ఆవిడ కొడుకు చింపలేకపోయినది.

ఆ తర్వాత 'త్వరలో' అన్నవాళ్లు నిజంగానే పిలిచారు. ఇప్పుడు నేనూ ఒక అపార్ట్‌మెంట్లో ఉంటున్నాను, అసోసియేషన్‌లో కూడా ఉన్నాను. మొన్నీమధ్య మా పిల్లల సాయంత్రం క్లాసుకు ఇంగ్లీషు పుస్తకం ఎంపిక నాకు అప్పజెప్పారు. పట్టిక తయారుచేశాను. కాగితం మందానికి ఇన్ని మార్కులు. కొత్తగా వచ్చిన టీచరమ్మాయి, మరి అందాకా ఏం చెప్పను మేడమ్ అంటే, కొంచెం ఆగమ్మా అన్నాను. ఆ అమ్మాయి తలూపి, పిల్లల్ని తీసుకుని లిఫ్టు వైపు వెళ్లింది.

నిన్న భోజనాల దగ్గర ఆఫీసు ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాను. ఆ క్లాసుకే వెళ్లే మా అమ్మాయి చెంచా పక్కన పెట్టి, నా వైపు తిరిగి, "కైండ్లీ మెయింటెయిన్ సైలెన్స్" అంది. మా క్లబ్‌హౌస్ బోర్డు మీది మాట అది, రాయించింది నేనే. ఫోను పెట్టేశాను. యూరియాకు భయపడి పిల్లల్ని లిఫ్టు ముందు నిలబెట్టిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఈ పుస్తకం ఎంపికలో ఆ పిల్లను కూడా ఒక మాట అడిగి ఉండాల్సింది.